పూడిక తీసినట్టు రాసుంది

మున్సిపాలిటీ పనులన్నీ కాంట్రాక్టర్లకి ఇచ్చేశారు కాబట్టే ఊరు ఇలా తగలడిందనే వాళ్లు ఒక పక్క, మొత్తం ప్రైవేటుకి అప్పజెబితే గానీ బాగుపడదనే వాళ్లు ఇంకో పక్క. టీ కొట్టు దగ్గర పది నిమిషాలు కూర్చుంటే ఈ రెండు పార్టీలూ తప్పకుండా తగుల్తాయి. నాకైతే ఇద్దరి మాటలోనూ సగం సగమే నిజం కనిపిస్తుంది. లక్ష జనాభా కూడా లేని ఊరు సొంతంగా రోడ్ రోలరూ, తారు ప్లాంటూ పెట్టుకుని కూర్చోలేదు, కూర్చోవాల్సిన పనీ లేదు. రోడ్డు వేయాలంటే కాంట్రాక్టరు రావాల్సిందే. నా పేచీ వేరే ఉంది. రోడ్డో బిల్డింగో కట్టించుకోవడానికని తయారుచేసుకున్న టెండరు పద్ధతి ఒకటుంది మనకి. ఆ పద్ధతితోనే కాలవలో మురుగు ఆగకుండా పారడాన్ని, వీధి దీపం రోజూ వెలగడాన్ని, కుళాయిలో నీళ్లు టైముకి రావడాన్ని కూడా కొనేద్దామని చూస్తున్నాం. అది కుదరడం లేదు. ఎందుకు కుదరదో చెప్పాలంటే ముందు లెస్ గురించి చెప్పాలి.

మా బాబాయి చిన్న కాంట్రాక్టరు. ఐదో క్లాసు కాంట్రాక్టరుగా రిజిస్ట్రేషను, కాంక్రీటు కలిపే మిల్లరు ఒకటి, కొంత సెంట్రింగు సామాను, నమ్మకమైన మేస్త్రీలు ఇద్దరు, అంతకంటే నమ్మకంగా నెలనెలా వడ్డీకి వచ్చే ఫైనాన్సర్లు నలుగురు. నేను డిగ్రీలో ఉండగా సెలవలకి ఇంటికొస్తే ఆయన ఫైళ్లు పట్టుకుని మున్సిపల్ ఆఫీసులో తిరగడం నా డ్యూటీ. అసిస్టెంట్ ఇంజనీరు ఏఈ గారి టేబుల్ నుంచి ఆయన పైనున్న డీఈ గారి టేబుల్‌కి, అక్కణ్నించి అకౌంట్స్‌కి, అకౌంట్స్ నుంచి ఆడిట్‌కి, మళ్లీ ఏదో సంతకం మిస్సయిందని వెనక్కి.

పని పుట్టేది ఇలా. ఫలానా వీధిలో డ్రెయిన్ కావాలని కౌన్సిలర్ అడుగుతాడు, ఏఈ వెళ్లి కొలిచి ఎస్టిమేటు వేస్తాడు. క్యూబిక్ మీటరు కాంక్రీటుకి ఇంత, మట్టి తవ్వకానికి ఇంత అని ప్రభుత్వం ఇచ్చే ఎస్ఎస్ఆర్ రేట్లు దానికి ఆధారం. ఆ ఎస్టిమేటు మీద టెండరు పిలుస్తారు. దానికి ఎన్ని శాతం తక్కువకి చేస్తామో కాంట్రాక్టర్లు కోట్ చేస్తారు. అదే లెస్. ఆఫీసు వరండాలో వినపడేది ఎప్పుడూ ఆ లెక్కే, "ఎంతకి కొట్టాడు?" "పద్దెనిమిది లెస్." పని పేరు కూడా ఎవరూ అడగరు. ఎస్టిమేటులో కాంట్రాక్టరు లాభం కలిపి ఉండేది మహా అయితే పదో పదమూడో శాతం కదా, మరి అంత లెస్‌కి ఎలా చేస్తారో నాకు అర్థమయ్యేది కాదు. ఓసారి ఉండబట్టలేక అడిగాను, "అంత లెస్ వేస్తే ఏం మిగుల్తుంది బాబాయ్?" అని. బిల్లు కాగితాలు సర్దుకుంటూనే అన్నాడు, "పనిలో ఏం మిగలదురా. కొలతలో మిగలాలి."

మా బాబాయి దొంగ కాదు. ఆయన వేసిన సీసీ రోడ్లు కొన్ని ఇప్పటికీ బాగానే ఉన్నాయి. చిన్న కాంట్రాక్టర్లందరినీ దోపిడీదారులుగా చూసేవాళ్లని చూస్తే నాకు చిరాకు. వాళ్లలో చాలామంది భార్య నగలు తాకట్టు పెట్టి పని మొదలుపెట్టేవాళ్లే. పద్ధతి వాళ్లని ఎటు నెడుతుందో చూడాలి.

ఆ పద్ధతిలో బాగుపడినవి లేకపోలేదు. పాతరోజుల్లో టెండరు పెట్టె ఆఫీసులో ఉండేది, ఆఫీసు గేటు దగ్గర మనుషులుండేవాళ్లు. షెడ్యూలు ఫారం కొనడానికి వచ్చినవాణ్ని గేటు దగ్గరే పక్కకి పిలిచి మాట్లాడి పంపించేసేవాళ్లు. రింగు కట్టడమంటే అదే. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ-ప్రొక్యూర్‌మెంట్ వచ్చాక ఇంట్లో కూర్చుని టెండరు వేసే వీలొచ్చింది, గేటు దగ్గర మనుషులకి పని తగ్గింది. అదే ఏడాది టెండర్ల నిబంధనలతో జీవో 94 వచ్చింది. కాంట్రాక్టరు ముందుగా కట్టాల్సిన ధరావతు, అంటే ఈఎండీ, రెండున్నర శాతం, బిల్లుల్లోంచి పట్టి ఉంచేది ఏడున్నర శాతం, పని అయ్యాక 2 ఏళ్లు లోపాలకి బాధ్యత, ఎస్టిమేటు మీద 5 శాతం దాటి ఎక్సెస్ వేస్తే ఒప్పుకోరు. లెస్‌కి కూడా హద్దు పెట్టారు. 15 శాతం దాటి లెస్ వేస్తే ఆ తేడాకి అదనపు సెక్యూరిటీ కట్టాలి, 25 దాటితే టెండరు చెల్లదు, ఒకరికంటే ఎక్కువమంది సరిగ్గా 25కే వేస్తే లాటరీ తీస్తారు.

ఆ లాటరీ రూలు చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. ఎస్టిమేటులో పావు వంతు తగ్గించి చేస్తామని ఒకేసారి ముగ్గురు నలుగురు పోటీ పడటం మామూలైపోయిందని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు కదా. అంటే ఎస్టిమేటులో పావు వంతు గాలైనా ఉండాలి, లేదా పనిలో పావు వంతు పోవాలి. నా అనుభవంలో రెండూ కాస్త కాస్త ఉంటాయి.

కొత్త కట్టడాల విషయంలో దీన్ని కొంతవరకైనా పట్టుకోవచ్చు. సీసీ రోడ్డు మీద కోర్ కట్టర్ పెట్టి ముక్క తీస్తే మందం ఎంతో, సిమెంటు ఎంతో తెలిసిపోతుంది. క్వాలిటీ కంట్రోల్ వాళ్లు వస్తారు, థర్డ్ పార్టీ వాళ్లు వస్తారు, రెండేళ్లలో పగిలితే పట్టి ఉంచిన డబ్బు చేతిలో ఉంటుంది. అన్నిచోట్లా ఇదంతా చేస్తున్నారని నేననను, చేయాలనుకుంటే దారి ఉందంటున్నాను. రోడ్డు అక్కడే ఉంటుంది, ఎక్కడికీ పారిపోదు.

పూడికతీత సంగతి అలా కాదు. మా వీధి చివర మేజర్ డ్రెయిన్ ఉంది, చుట్టుపక్కల నాలుగైదు వీధుల నీళ్లూ అందులోకే వస్తాయి. వానలకి ముందు, ఎండలు ముదిరాక, పూడిక తీయడానికి ఏటా టెండరు. కాలవ మీద సగం చోట్ల ఇళ్లవాళ్లూ షాపులవాళ్లూ సొంతంగా పలకలు పరుచుకున్నారు, వాటిని లేపాలంటే గొడవ. కాబట్టి పలకలు లేని చోట్ల మాత్రమే మనుషులు దిగుతారు. తీసిన నల్లటి బురద కాలవ గట్టు మీదే పోస్తారు. తడిది వెంటనే ఎత్తలేరు, ఒకటి రెండు రోజులు ఆరాలి, అది న్యాయమే. ఆరాక ట్రాక్టరు వచ్చి ఎత్తుకుపోవాలి. ట్రాక్టరు మెయిన్ రోడ్డు వైపు కుప్పలు ఎత్తుతుంది, కౌన్సిలర్ ఇంటి ముందు కుప్ప ఎత్తుతుంది, మిగతావి అలాగే ఉంటాయి. పిల్లలు తొక్కుతారు, పందులు కెలుకుతాయి, ఒక మంచి వాన పడగానే గట్టు మీది బురద మళ్లీ ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికే చేరుతుంది. ఆ రోజుతో సాక్ష్యం మాయం. ఇంక ఎవడు ఏ కోర్ కట్టర్ తెచ్చినా చూడ్డానికేం ఉండదు.

కానీ ఎం బుక్కులో ఉంటుంది. ఎం బుక్కంటే మెజర్‌మెంట్ బుక్కు, ఏఈ చేత్తో కొలతలు రాసి సంతకం పెట్టే పుస్తకం. బిల్లుకి అదే ప్రాణం. పొడవు ఇంటూ వెడల్పు ఇంటూ లోతు. ఉదాహరణకి 210 మీటర్ల కాలవ, 1.20 వెడల్పు, సగటు పూడిక 0.45 అని రాశారనుకోండి, గుణిస్తే 113 క్యూబిక్ మీటర్ల పైచిలుకు. ఆ చివరి అంకె, పూడిక లోతు, అసలు మంత్రమంతా అక్కడుంది. 0.30 ఉన్నచోట 0.45 అని రాస్తే బిల్లు ఒకటిన్నర రెట్లవుతుంది. పొడవు మార్చలేరు, కాలవ కనపడుతూనే ఉంది. వెడల్పూ అంతే. లోతు మాత్రం పూడిక తీయకముందు కొలిచినవాడికే తెలుసు, తీసేశాక దేవుడికి కూడా తెలియదు. పద్దెనిమిది లెస్ ఆ పదిహేను సెంటీమీటర్లలో కలిసొచ్చేస్తుంది. మా బాబాయి చెప్పిన "కొలతలో మిగలాలి" ఇదే.

ఇప్పుడు అదే లెక్కని తిరగేసి చూడండి. 113 క్యూబిక్ మీటర్ల పూడిక నిజంగా ఎత్తి ఉంటే, ట్రాక్టరు ట్రక్కుకి 3 క్యూబిక్ మీటర్లు పట్టిందనుకున్నా 37, 38 ట్రిప్పులు మా వీధిలోంచి వెళ్లుండాలి. సందులో ఒక్క ట్రాక్టరు వెళ్తేనే బండ్లన్నీ తీసి పక్కన పెట్టుకోవాలి మేం. ముప్పైఎనిమిది వెళ్తే తెలియదా? వీధిలో ఉన్న ఎవరినడిగినా చెప్తారు. కానీ ఎవరూ అడగరు, ఎందుకంటే అడగాల్సిన గడి ఆ పుస్తకంలో లేదు.

ఏ రోజుకారోజు చేస్తే తప్ప నిలవని పని, చేశాక ఆనవాలు మిగలని పని. దాన్ని కొలతలకి కట్టి, అందరికంటే తక్కువ కోట్ చేసినవాడికి ఇస్తే వాడు కొలతల్నే తయారుచేస్తాడు. ఇంట్లో గచ్చు ఊడవడానికి పెట్టుకున్న మనిషికి ఊడ్చిన చెత్త తూకం వేసి డబ్బులిస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

దీనికి ఇంకో పద్ధతి లేదా అంటే ఉంది, మన దగ్గరే. గ్రామీణ రోడ్ల పథకం పీఎంజీఎస్‌వైలో రోడ్డు వేసిన కాంట్రాక్టరే 5 ఏళ్ల పాటు దాని నిర్వహణ చూడాలి, ఆ డబ్బు ఏడాదికింత అని అగ్రిమెంటులోనే విడిగా ఉంటుంది. గుంతలు పడితే వాడి చేతి చమురు వదుల్తుంది కాబట్టి మొదటే గట్టిగా వేస్తాడని ఆశ. వీధి దీపాల్లో ఇంకా పెద్ద ప్రయోగం జరిగింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చి విశాఖలో స్తంభాలు పడిపోయాక, నగరమంతా 90 వేలకు పైగా ఎల్ఈడీ దీపాలు పెట్టారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఈఈఎస్ఎల్ ముందు తన డబ్బు పెట్టి దీపాలు బిగిస్తుంది, కొన్నేళ్ల పాటు బాగుచేస్తూ ఉంటుంది, తగ్గిన కరెంటు బిల్లులోంచి మున్సిపాలిటీ వాయిదాల్లో కడుతుంది. 2015 జనవరిలో దేశవ్యాప్త కార్యక్రమంగా మొదలుపెట్టింది ఈ పద్ధతినే.

కాగితం మీద ఇది నాకు బాగా నచ్చిన కాంట్రాక్టు. దీపం కొనడం కాదు, దీపం వెలగడాన్ని కొంటున్నారు. ఇంత శాతం దీపాలు వెలగాలి, ఇన్ని గంటల్లో బాగుచేయాలి, లేకపోతే కోత. కానీ వెలగని దీపాల్ని లెక్కపెట్టేదెవరు? మా ఊళ్లో ఎల్ఈడీలు వచ్చిన కొత్తలో రెండేళ్లు నిజంగానే బాగున్నాయి. తర్వాత స్తంభం మీద దీపం పోతే మున్సిపాలిటీ ఎలక్ట్రీషియన్ని అడిగితే "అది మాది కాదండీ, కంపెనీవాళ్లది" అనేవాడు. కంపెనీవాళ్లంటే ఎవరో సబ్ కాంట్రాక్టరు, అతను పెట్టుకున్న కుర్రాడు ఒకడు, వాడికి మూడు ఊళ్లు, ఒక నిచ్చెన. "బాకీలు పడ్డాయి సార్, మెటీరియల్ రావట్లేదు" అని వాడు చెప్పేవాడు. కొన్ని వీధుల్లో రాత్రి చీకటి, కొన్ని వీధుల్లో పట్టపగలు పన్నెండింటికి దీపాలు ధగధగ, ఎందుకంటే కంట్రోల్ బాక్సు పాడైతే ఎవరో డైరెక్టుగా వైరు తగిలించి పోయారు. కాంట్రాక్టు మంచిదే. మన వైపు నుంచి దాన్ని చూసుకునే మనిషి లేడు, ఎందుకంటే కాంట్రాక్టుకి ఇచ్చేశాం కదా అని ఆ మనిషిని తీసేశాం లేదా వేరే పనికి మార్చేశాం.

మనకి అసలు తప్పు జరిగిందంతా ఇక్కడే అని నా నమ్మకం. పని బయటికివ్వడంతో పాటు ఆ పని తెలిసిన మనిషిని కూడా వదిలేసుకుంటున్నాం. మంచినీళ్ల సంగతే చూడండి. మా ఊళ్లో నీళ్లు వదిలే పెద్దాయన ఒకాయన ఉండేవాడు, పర్మనెంటు ఉద్యోగి. సైకిలు, వాల్వు తిప్పే పొడుగాటి ఇనప రాడ్డు, నోట్లో చుట్ట. రోడ్డు మీద ఏ గుర్తూ లేని చోట ఆగి, చెప్పుతో మట్టి పక్కకి నెట్టి, మూత తీసి రాడ్డు దింపేవాడు. ఏ వాల్వు ఎన్ని చుట్లు తిప్పితే ఏ వీధి చివరి ఇంటికి ప్రెషరు వస్తుందో ఆయనకి తెలుసు. ఏ వాల్వు పూర్తిగా మూస్తే మళ్లీ తెరుచుకోదో అదీ తెలుసు. ఆయన రిటైరయ్యాక ఆ పని మెయింటెనెన్సు కాంట్రాక్టులో కలిసింది. కొత్త కుర్రాళ్లు పాపం కష్టపడే పిల్లలే, కానీ ఏడాదికోసారి కాంట్రాక్టరు మారతాడు, మారినప్పుడల్లా మనుషులు అటూ ఇటూ అవుతారు. మ్యాపు ఏదీ లేదు. పైపు లీకైతే వాల్వు ఎక్కడుందో వెతకడానికే మొన్నామధ్య వేసిన సీసీ రోడ్డుని మూడు చోట్ల పగలగొట్టారు. ఆ పగలగొట్టిన రోడ్డు పూడ్చడం మళ్లీ ఇంకో టెండరు. పాతరోజులు బంగారమని నేననను, ఆ పెద్దాయనా పండగ మామూళ్లు ఇవ్వని వీధికి నీళ్లు ఆలస్యంగానే వదిలేవాడు. అయినా ఆయన్ని పిలిచి అడగడానికి ఒక కమిషనర్ ఉండేవాడు, ఆయన దగ్గర జవాబుండేది.

ఇక మనుషుల్నే టెండరు వేసి కొనే సంగతి. పారిశుధ్య కార్మికుల్ని ఏజెన్సీల ద్వారా పెట్టుకోవడంలో ఏజెన్సీ చేసే పనేంటో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. చీపురు మున్సిపాలిటీది, బండి మున్సిపాలిటీది, హాజరు వేసేది మున్సిపాలిటీ మేస్త్రీ. మధ్యలో ఏజెన్సీ జీతం ఆలస్యం చేస్తుంది, పీఎఫ్ కోసి కట్టకుండా ఊరుకుంటుంది, కమిషన్ తీసుకుంటుంది. ఊడ్చే పనిని ప్రాంతాలుగా విడగొట్టి కాంట్రాక్టుకిచ్చే జీవో 279 మీద ఆంధ్రప్రదేశ్‌లో యూనియన్లు ఏళ్ల తరబడి కొట్లాడింది ఊరికే కాదు. 2020లో ఆప్కాస్ అనే ప్రభుత్వ కార్పొరేషన్ పెట్టి ఔట్‌సోర్సింగ్ జీతాలు నేరుగా ఖాతాల్లో వేయడం మొదలుపెట్టారు, ఏజెన్సీలు పక్కకి తప్పుకున్నాయి. అది మంచి పనే, ఏ పార్టీ చేసినా. అయితే పర్మనెంటు మాత్రం చేయలేదు. 2023 డిసెంబరు ఆఖరులో మొదలై కొత్త ఏడాదిలోకి కూడా సాగిన సమ్మెలో వాళ్లడిగిన ముఖ్యమైన కోరికల్లో అదొకటి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు ఆ బురద ఎత్తడానికి వేరే మున్సిపాలిటీల నుంచి బస్సుల్లో తీసుకొచ్చింది ఎవర్ని? వీళ్లనే. ఆపద వచ్చినప్పుడు పిలిస్తే పలికే మనుషులు ఊరి జీతగాళ్లుగా ఉండాలని ఆ వారం రోజులు చూసినవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు.

అమెరికాలో అన్నీ ప్రైవేటే కదా అనే మాట కూడా వస్తుంటుంది కాబట్టి అక్కడి ఊరి కథ ఒకటి చెప్తాను. మా చెల్లెలు వాళ్లు అట్లాంటాకి ఉత్తరాన జాన్స్ క్రీక్‌లో ఉంటారు, ఆ చుట్టుపక్కల మనవాళ్లు బాగా ఎక్కువ. అక్కడికి దగ్గర్లోనే శాండీ స్ప్రింగ్స్ అని లక్ష జనాభా ఊరు. 2005లో కొత్తగా మున్సిపాలిటీ అయింది. అవుతూనే పోలీసు, ఫైరు, ఓ గుప్పెడు మంది అధికారులు తప్ప మిగతా ఊరంతా ఒకే ఇంజనీరింగ్ కంపెనీకి, సీహెచ్2ఎం హిల్‌కి, కాంట్రాక్టుకిచ్చేసింది. రోడ్లు, పార్కులు, పర్మిట్లు, చివరికి కౌంటరులో కూర్చునే గుమస్తాలు కూడా కంపెనీ మనుషులే. ప్రభుత్వం అనేది ఇలా ఉండాలని ప్రపంచమంతా ఆ ఊరిని చూపించారు. జాన్స్ క్రీక్, మిల్టన్ లాంటి పక్క ఊళ్లు కూడా పుడుతూనే అదే దారి పట్టి, కొన్నేళ్లకే వెనక్కి తగ్గాయి.

2011లో శాండీ స్ప్రింగ్స్ ఆ ఒక్క పెద్ద కాంట్రాక్టుని ముక్కలు చేసి వేర్వేరు కంపెనీలకి మళ్లీ టెండరు పిలిస్తే ఖర్చు బాగా తగ్గింది. అంటే అప్పటిదాకా ఎక్కువ కడుతున్నారన్నమాట. ఆ తర్వాత 2019లో మళ్లీ టెండర్లు పిలిచారు, ఈసారి కంపెనీలు అడిగిన రేట్లు చూసి, సొంతంగా ఉద్యోగుల్ని పెట్టుకుంటే ఎంతవుతుందో కూడా లెక్కేశారు. సొంతమే చవక, ఐదేళ్లలో కోటీ 40 లక్షల డాలర్లు మిగుల్తాయని తేలింది. దాంతో చాలా శాఖల్ని వెనక్కి తెచ్చుకున్నారు, అప్పటిదాకా కంపెనీల్లో ఉన్న మనుషుల్లో చాలామందికే ఉద్యోగాలిచ్చారు. కొన్ని పనులు మాత్రం కాంట్రాక్టులోనే ఉంచుకున్నారు. ఇందులో సిద్ధాంతం గొడవేమీ లేదు, కాలిక్యులేటరు పట్టుకుని కూర్చున్నారు, అంతే. కాంట్రాక్టు రేటు పక్కన సొంత ఖర్చు రాసి చూసుకోవడం అనే ఆ ఒక్క పని మన మున్సిపాలిటీల్లో ఒక్క పూడికతీతకైనా ఎవరైనా చేశారా? ఏటా వానాకాలం ముందు పెట్టే ఖర్చుకి ఏడాది పొడుగునా ఎంతమంది కార్మికుల్ని పెట్టుకోవచ్చో కౌన్సిల్ అజెండాలో చదివిన గుర్తు నాకైతే లేదు.

చదవకపోవడానికి కారణం ఉంది. పథకాల డబ్బు కట్టడానికి వస్తుంది. 2015లో ఊళ్ల నీళ్లకీ మురుగుకీ కేంద్రం డబ్బిచ్చే అమృత్ వచ్చింది, 2021లో అమృత్ 2.0 వచ్చింది, ట్యాంకులు కట్టారు, పైపులు వేశారు. వాటిని నడపడం మాత్రం ఊరి సొంత పన్నుల మీద. కొత్త డ్రెయిన్‌కి శిలాఫలకం ఉంటుంది, ఎమ్మెల్యే గారు కొబ్బరికాయ కొడతారు. పాత డ్రెయిన్‌లో పూడిక తీసినందుకు ఎవరైనా కొబ్బరికాయ కొట్టగా చూశారా మీరు? కాబట్టి పాతదాన్ని పాడవనిచ్చి, పగలగొట్టి, కొత్తది వేయడమే అందరికీ లాభం. మా వీధిలోనే నిక్షేపంగా ఉన్న కాలవని పూడిక తీయక ముంచి, చివరికి "శిథిలమైంది" అని రాసి కొత్తది కట్టారు.

ఇంకోటి, బిల్లులు. దీని గురించి మాట్లాడకుండా కాంట్రాక్టర్ని తిట్టడం అన్యాయం. పని అయిపోయి, ఎం బుక్కు రాసి, పై ఇంజనీరు మళ్లీ కొలిచే చెక్ మెజర్‌మెంట్ అయ్యి, బిల్లు ఆన్‌లైన్లో ఎక్కాక కూడా డబ్బు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. మా బాబాయి చివరి పని బిల్లు వచ్చేసరికి దాని మీద వడ్డీ బిల్లులో పావు వంతు తినేసింది. ఆ తర్వాత ఆయన రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోలేదు. ఇది ఒక్క ఆయన గొడవ కాదు. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో ఆర్ అండ్ బీ రోడ్ల గుంతలు పూడ్చే పనులకి టెండర్లు పిలిస్తే చాలాచోట్ల వేసే నాథుడు లేడు. అదే ఏడాది ఉపాధి హామీ పాత బిల్లులు 12 శాతం వడ్డీతో చెల్లించమని హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. డబ్బు ఎప్పుడొస్తుందో తెలియని చోట రేటు వేసేవాడు ఏం చేస్తాడు? ఆ వడ్డీని కూడా లోపల వేసుకుంటాడు, లేదా పనిలో కోస్తాడు. ఆలస్యాన్ని తట్టుకునే పెద్దవాళ్లు, రాజకీయం తెలిసి బిల్లు ముందు తెప్పించుకోగలవాళ్లు మిగుల్తారు. పని బాగా చేసే చిన్న మేస్త్రీ వాళ్ల దగ్గర సబ్ కాంట్రాక్టుకి దిగుతాడు. టెండరు పోటీ అంటే ఇది కూడా.

మరేం చేయాలంటావు అని అడుగుతారు. కొత్తగా కట్టేవి టెండర్లకే పోనివ్వండి, కాకపోతే పీఎంజీఎస్‌వై లాగా 5 ఏళ్ల నిర్వహణ దాంతోనే ముడి పెట్టండి. కాలవలు, వాల్వులు, దీపాలు, ఈ మూడింటికీ వార్డుకో చిన్న గ్యాంగు ఊరి జీతం మీద ఉండాలి. ముగ్గురో నలుగురో, ఏడాదంతా అవే వీధులు. జేసీబీ కావాల్సినప్పుడు గంటల మీద అద్దెకి తెచ్చుకోవచ్చు, అది కాంట్రాక్టే, దాంతో నాకు ఇబ్బంది లేదు. ఖర్చెక్కువవుతుందంటారు. అవుతుందేమో, శాండీ స్ప్రింగ్స్ వాళ్లలా కాగితం మీద రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూపించండి, అప్పుడు ఒప్పుకుంటాను. చూసుకునే మనిషి కూడా కొత్తగా అక్కర్లేదు. 2019 నుంచి ప్రతి వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీ అని ఒక పోస్టుంది, ఇంజనీరింగ్ చదివిన పిల్లలే అందులో ఉన్నారు. నీళ్లు, రోడ్లు, దీపాలు చూడటమే వాళ్ల ఉద్యోగం. మా వార్డు అమ్మాయిని ఎప్పుడు చూసినా ఏదో ఒక సర్వే యాప్‌లో ఇంటింటి ఫొటోలు తీస్తుంటుంది. ఆ అమ్మాయి చేత పూడిక తీయకముందు లోతు కొలిపించి, ఆ అంకె అదే రోజు కాలవ పక్క గోడ మీద పెయింటుతో రాయిస్తే చాలు, ఆ లోతు అంకె మంత్రం సగం పోతుంది. ఏఈ గారు వచ్చి ఎం బుక్కులో వేరే లోతు రాయాలంటే గోడ తుడిపించాలి.

అప్పటిదాకా ఊరుకోనక్కర్లేదు. సమాచార హక్కు చట్టం అంటే కాగితాల నకళ్లు అడగడమనే అనుకుంటారు చాలామంది. సెక్షన్ 2(జె) తీసి చదవండి. పనిని స్వయంగా వెళ్లి తనిఖీ చేసే హక్కు, రికార్డులు చూసి నోట్సు రాసుకునే హక్కు, వాడిన మెటీరియల్ శాంపిల్ ధ్రువీకరించి ఇమ్మని అడిగే హక్కు కూడా అందులో ఉన్నాయి. దరఖాస్తు ఫీజు పది రూపాయలు. మా వీధి కాలవకి సంబంధించిన ఎం బుక్కు పేజీలు, ట్రాక్టరు ట్రిప్పుల లాగ్ షీటు, ఎత్తిన పూడిక ఎక్కడ పోశారో ఆ డంపింగ్ స్థలం పేరు, ఈ మూడూ అడుగుతూ ఒక దరఖాస్తు రాసి పెట్టాను. ఇంతకుముందు ఇలాంటివి బిల్లు పాసయ్యాక అడిగేవాళ్లు, అప్పటికి కాలవ మళ్లీ నిండిపోయి ఉండేది. ఈసారి వర్క్ ఆర్డర్ ఇచ్చిన రోజే ఇస్తాను, తనిఖీకి తేదీ చెప్పమని కూడా అందులోనే అడిగాను. మీ వార్డులో కూడా ఎవరైనా వేస్తానంటే దరఖాస్తు నమూనా కింద పెడతాను, కాలవ పేరు మార్చుకుంటే సరిపోతుంది.